పెద్దవారిలో మూత్ర సమస్యలు: మూత్రాశయ కండరం గురించి ఇంట్లోవారు తెలుసుకోవలసినవి

(వార్డులలోని రోగుల కుటుంబ సభ్యుల కోసం ఇచ్చిన ఆరోగ్య ప్రసంగ పాఠం)



మీలో ఎక్కువమంది అమ్మనో, నాన్ననో, అత్తగారినో, మామగారినో తీసుకొని ఆసుపత్రికి వచ్చారు. గుండె జబ్బు కావచ్చు, షుగరు కావచ్చు, పక్షవాతం కావచ్చు, తుంటి ఎముక విరిగి కావచ్చు. డాక్టరుగారు అడిగితే ఆ జబ్బు గురించి అన్నీ వివరంగా చెబుతారు. కాని ఒక్క మాట మాత్రం చివరిదాకా దాచుకుంటారు. గదిలోంచి వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "అయ్యా, ఇంకొకటి... ఈ మధ్య మా అమ్మ పక్క తడిపేస్తోంది" అంటారు. ఈ రోజు మనం ఆ మాట గురించే మాట్లాడుకుందాం. గొంతు తగ్గించకుండానే మాట్లాడుకుందాం.

ఈ సమస్యను మన ఇళ్ళలో రెండు మాటలతో తోసేస్తాము. మొదటిది, "వయసు మీద పడింది, ఇక ఇంతే." రెండవది, "పిలవమంటే పిలవదు, కావాలనే చేస్తోంది." ఈ రెండు మాటలూ తప్పే. మూత్రాశయం కండరంతో తయారైన ఒక సంచి. ఆ కండరం బలహీనపడవచ్చు. దానికి ఆజ్ఞలు మోసే నరాలు దెబ్బతినవచ్చు. మూత్రం బయటికి వచ్చే దారి ఇరుకు కావచ్చు. వీటిలో ఏది జరిగిందో తెలిస్తే చాలామందికి ఉపశమనం కలిగించవచ్చు, కొందరికి పూర్తిగా నయం చేయవచ్చు.

ఇంకొక ముఖ్య విషయం ముందే చెబుతాను. తడిసిన దుప్పటి చూడటానికి అందరి ఇంట్లోనూ ఒకలాగే ఉంటుంది. కాని దాని వెనుక ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకమైన లోపాలు ఉండవచ్చు. ఒక లోపానికి ఇచ్చే మందు రెండో లోపం ఉన్నవారికి హాని చేస్తుంది. పక్కింటివారికి పనిచేసిన మాత్ర మీ నాన్నగారికి వేయకూడదనేది ఇందుకే.

మూత్రాశయం ఎలా ఉంటుంది?

మన నడుము వెనుక భాగాన రెండు మూత్రపిండాలు ఉంటాయి. అవి రోజుకు సుమారు లీటరున్నర మూత్రాన్ని తయారు చేస్తాయి. రెండు సన్నని నాళాల ద్వారా ఆ మూత్రం చుక్కచుక్కగా పొత్తికడుపులోని మూత్రాశయానికి దిగుతుంది.

మూత్రాశయం గోడలో లోపలివైపు ఒక మెత్తని పొర ఉంటుంది. సంచి ఖాళీగా ఉన్నప్పుడు ఈ పొర ముడతలు పడి ఉంటుంది, నిండేకొద్దీ ముడతలు విచ్చుకుంటాయి. మూత్రంలోని వ్యర్థాలు తిరిగి శరీరంలోకి ఇంకకుండా కాపాడేది ఈ పొరే. దాని వెలుపల ఉన్నదే అసలైన కండరం. వైద్యులు దీన్ని డెట్రూసర్ కండరం అంటారు. నులక మంచం అల్లికలో తాళ్ళు అడ్డంగా, ఏటవాలుగా ఒకదానిలోంచి ఒకటి ఎలా పోతాయో మీకు తెలుసు. ఈ కండరపు పోగులు కూడా నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా అలాగే అల్లుకొని ఉంటాయి. అందువలన అది ముడుచుకున్నప్పుడు ఒక్క వైపునుంచే నొక్కదు. పిడికిలి బిగించినట్లు అన్ని వైపులనుంచీ ఒకేసారి నొక్కి సంచిని ఖాళీ చేస్తుంది.

మూత్రాశయం అడుగున ముక్కోణం ఆకారంలో ఒక భాగం ఉంది. దాని పై రెండు మూలలలో మూత్రపిండాల నుండి వచ్చే నాళాలు తెరుచుకుంటాయి. కింది మూలలో బయటికి పోయే దారి మొదలవుతుంది. పైనుంచి వచ్చే నాళాలు గోడలోకి తిన్నగా కాక ఏటవాలుగా దిగుతాయి. సంచి నిండి గోడ సాగినప్పుడు ఆ నాళాలు నొక్కుకొని మూసుకుంటాయి. మూత్రం వెనక్కి, మూత్రపిండాలవైపు పోకుండా సృష్టిలోనే ఉన్న ఏర్పాటు అది.

బయటికి పోయే దారికి రెండు తలుపులు ఉన్నాయి. లోపలి తలుపు మన ఇష్టంతో పనిలేకుండా దానంతట అదే మూసుకొని ఉంటుంది. బయటి తలుపు మన అదుపులో ఉండే కండరం. బస్సులో వెళ్ళేటప్పుడు తరువాతి స్టాపు వరకు మూత్రం బిగపట్టుకుంటున్నామంటే ఈ బయటి తలుపు పుణ్యమే. వీటికి తోడుగా తుంటి ఎముకల మధ్య ఊయల గుడ్డలా పరచుకున్న కండరాలు మూత్రాశయాన్ని, మలద్వారాన్ని, స్త్రీలలో గర్భసంచిని కూడా కింద నుంచి మోస్తుంటాయి. వీటిని కటి కండరాలు అందాం. వీటి గురించి మళ్ళీ చెబుతాను.

నిండటం, ఖాళీ కావటం

మూత్రాశయానికి ఉన్న పనులు రెండే. నింపుకోవటం, ఖాళీ చేయటం. నింపుకునేటప్పుడు కండరం వదులుగా ఉండాలి, తలుపులు బిగిసి ఉండాలి. ఖాళీ చేసేటప్పుడు తలుపులు తెరుచుకోవాలి, కండరం బిగియాలి. ఈ వరుస తప్పితే చిక్కు మొదలవుతుంది.

సంచిలో 150 నుంచి 200 మి.లీ. చేరేసరికి మనకు మొదటిసారి మూత్రం వస్తున్నట్లు తెలుస్తుంది. 400 నుంచి 500 మి.లీ. వరకు పట్టగలదు. ఆ కబురు నరాల ద్వారా వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు చేరుతుంది. మెదడు ముందు భాగం పెద్దమనిషి లాంటిది. "ఇప్పుడు కాదు, కాస్త ఆగు" అని ఆజ్ఞ ఇస్తుంది. తగిన చోటికి చేరాక ఆ ఆజ్ఞను ఎత్తివేస్తుంది. అప్పుడు మెదడు కింది భాగంలోని కేంద్రం తలుపులు తెరిపించి, కండరాన్ని బిగింపజేస్తుంది.

ఈ అదుపును మనం రెండు నుంచి నాలుగేళ్ళ వయసులో అమ్మ ఒడిలో నేర్చుకున్నాము. నేర్చుకున్నందుకు అందరూ మెచ్చుకున్నారు. డెబ్బై ఏళ్ళు నిలుపుకున్న ఆ అదుపు చేజారినప్పుడు మనిషి ఎంత కుంగిపోతాడో ఒక్కసారి ఆలోచించండి. పెద్దవాళ్ళు ఈ మాట దాచేది మొండితనంతో కాదు, సిగ్గుతో.

వయసుతో వచ్చే మార్పులు

వయసు పెరిగేకొద్దీ డెట్రూసర్ కండరంలో పోగులు తగ్గి, వాటి స్థానంలో నారలాంటి గట్టి కణజాలం చేరుతుంది. దానితో సంచి సాగే గుణం తగ్గుతుంది. ముందుకంటే తక్కువ మూత్రం పడుతుంది. బిగింపు బలం తగ్గి, ప్రతిసారీ అడుగున కొంత మిగిలిపోతుంది. కొందరిలో సంచి నిండకముందే కండరం ఆజ్ఞ లేకుండా తనంత తానే బిగుసుకుంటుంది.

రాత్రి విషయం వేరే ఉంది. యవ్వనంలో రాత్రిపూట శరీరం మూత్రాన్ని తక్కువగా తయారు చేస్తుంది. పెద్ద వయసులో ఈ ఏర్పాటు సడలుతుంది. పగలంతా కాళ్ళలో చేరిన నీరు పడుకోగానే తిరిగి రక్తంలో కలిసి మూత్రంగా మారుతుంది. అందుకే అరవై దాటినవారు రాత్రి ఒకసారి లేవటం మామూలే. మూడు నాలుగుసార్లు లేవటం మాత్రం మామూలు కాదు. తెలియకుండా కారిపోవటం ఏ వయసులోనూ మామూలు కాదు.

స్త్రీలలో కాన్పుల వలన, బహిష్టులు ఆగిపోయిన తరువాత వచ్చే మార్పుల వలన కటి కండరాలు, మూత్రమార్గం పొర బలహీనపడతాయి. పురుషులలో మూత్రాశయం కింద పెద్ద ఉసిరికాయంత ప్రోస్టేట్ గ్రంథి ఉంటుంది. మూత్రమార్గం దాని మధ్యలోంచే పోతుంది. వయసుతో ఆ గ్రంథి పెరిగి దారిని నొక్కుతుంది.

ఒకే తడి, వేరు వేరు కారణాలు

ఇప్పుడు ఇద్దరిని మనసులో ఊహించుకోండి.

మొదట ఒక పెద్దామె. ఏడాది క్రితం పక్షవాతం వచ్చి కాస్త కోలుకుంది. మూత్రం వస్తోందని తెలియగానే ఒక్క క్షణం ఆగలేదు. పెరటిలోని మరుగుదొడ్డి చేరేలోపే చీర తడిసిపోతుంది. ఈమెకు మెదడులో "కాస్త ఆగు" అని చెప్పే పెద్దమనిషి దెబ్బతిన్నాడు. కండరం తొందరపడుతోంది. దీన్ని తొందరపడే మూత్రాశయం అనుకుందాం. ఈమెకు కండరాన్ని శాంతపరచాలి.

ఇప్పుడు ఒక పెద్దాయన. మూత్రానికి వెళితే చాలాసేపు నిలబడాలి. ధార సన్నగా వస్తుంది, ఆగి ఆగి వస్తుంది. వచ్చి కూర్చున్నాక పంచె తడుస్తూనే ఉంటుంది. రాత్రి పక్క తడుస్తుంది. ఇంట్లోవారు "నాన్నకు మూత్రం ఎక్కువగా పోతోంది" అంటారు. నిజానికి ఆయనకు మూత్రం సరిగా పోవటమే లేదు. ప్రోస్టేట్ దారిని మూసింది. అడ్డు మీద బలవంతంగా నెట్టి నెట్టి కండరం ముందు మందమై, తరువాత అలిసిపోయింది. సంచి ఎప్పుడూ నిండే ఉంటుంది. నిండిన తొట్టి అంచు మీదుగా నీళ్ళు పొర్లినట్లు మూత్రం పొర్లి కారుతోంది. షుగరు వ్యాధి ఏళ్ళ తరబడి ఉన్నవారిలో నరాలు మొద్దుబారి, ఏ అడ్డూ లేకుండానే ఈ పరిస్థితి రావచ్చు. సంచి నిండిన సంగతే వారికి తెలియదు.

ఆ పెద్దామెకు ఇచ్చే మందు కండరం బిగింపును తగ్గిస్తుంది. అదే మందు ఈ పెద్దాయనకు ఇస్తే మూత్రం పూర్తిగా ఆగిపోవచ్చు. చాలాకాలం అలా నిండి ఉంటే వెనక ఒత్తిడి పెరిగి మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి.

ఈ రెండు లోపాలూ ఒకే మనిషిలో కలిసి ఉండవచ్చునని 1987లో రెస్నిక్, యల్లా అనే అమెరికా వైద్యులు వివరించారు. కండరం తొందరపడుతుంది, కాని పూర్తిగా ఖాళీ చేసే బలం దానికి ఉండదు. వృద్ధులలో ఇది అరుదు కాదు.

మూడవ రకం ఎక్కువగా స్త్రీలలో కనబడుతుంది. తుమ్మినా, దగ్గినా, నవ్వినా, బిందె ఎత్తినా కొద్దిగా జారిపోతుంది. ఇక్కడ సంచి కండరం బాగానే ఉంది. తలుపు, దాన్ని మోసే కటి కండరాలు వదులయ్యాయి.

నాల్గవ రకంలో మూత్రాశయంలో ఏ లోపమూ ఉండదు. మోకాళ్ళ నొప్పులతో లేవలేరు. చూపు ఆనదు. మరుగుదొడ్డి దూరం. లాగు బొందు ముడి వేళ్ళకు అందదు. ఇటువంటివారికి మందు అక్కరలేదు, సాయం కావాలి.

ఏ రకమో తేల్చటానికి పెద్ద పరీక్షలు చాలామందికి అవసరం ఉండవు. డాక్టరుగారు వివరాలు అడుగుతారు, పొట్ట పరీక్షిస్తారు, మూత్రం, రక్తంలో షుగరు, క్రియాటినిన్ చూస్తారు. మూత్రానికి వెళ్ళి వచ్చిన వెంటనే స్కానింగు చేసి ఎంత మిగిలిందో చూస్తారు. 50 మి.లీ. లోపు మిగిలితే బాగా ఖాళీ అయినట్లు. 200 మి.లీ. దాటితే ఖాళీ కావటం లేదని అర్థం. నొప్పి లేని ఈ చిన్న పరీక్షతో ఆ పెద్దామెకూ ఈ పెద్దాయనకూ ఉన్న తేడా తెలిసిపోతుంది.

ముందుగా వెతకవలసిన కారణాలు

నిన్నటిదాకా బాగున్న మనిషి ఈ వారంలోనే తడపటం మొదలుపెడితే దానికి వయసు కారణం కాదు. వయసు ఒక వారంలో రాదు. ఈ కింది వాటిని వెతకండి.

ఇన్ఫెక్షన్: మంట, మాటిమాటికి మూత్రం, జ్వరం. మనవాళ్ళు "వేడి చేసింది" అని బార్లీ నీళ్ళు తాగిస్తూ వారం గడిపేస్తారు. బార్లీ నీళ్ళు తాగటం మంచిదే, కాని అవి ఇన్ఫెక్షన్‌ను తగ్గించవు. మూత్ర పరీక్ష చేయించాలి. అయితే ఏ బాధా లేని వృద్ధుల మూత్రంలో కూడా క్రిములు కనబడుతుంటాయి. రిపోర్టు ఒక్కటి చూసుకొని మందుల షాపులో యాంటీబయాటిక్స్ కొని వాడకండి.

మలబద్ధకం: గట్టిపడిన మలం పక్కనున్న మూత్రాశయాన్ని నొక్కుతుంది. ఎన్నో ఇళ్ళలో మూత్రం చిక్కుకు మూలం ఇదే. విరేచనం సాఫీ అయితే మూత్రమూ సాఫీ అవుతుంది.

మందులు: జలుబుకు వేసే మాత్రలలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ వంటివి ప్రోస్టేట్ ఉన్నవారిలో మూత్రాన్ని ఆపేయగలవు. కాళ్ళ మంటలకు ఇచ్చే ఎమిట్రిప్టిలిన్ కూడా అంతే. కాళ్ళ వాపుకు, గుండెకు ఇచ్చే నీటి మాత్రలు, షుగరుకు ఇచ్చే డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు మూత్రాన్ని పెంచుతాయి. బి.పి.కి వాడే ఆమ్లోడిపిన్ కొందరికి కాళ్ళు వాపు తెచ్చి రాత్రి మూత్రం పెంచుతుంది. ఇవన్నీ అవసరమైన మందులే. మీ అంతట మీరు మానవద్దు. మందులన్నీ ఒక సంచిలో వేసుకొని వచ్చి డాక్టరుగారికి చూపించండి. వేళ మార్చటమో, మందు మార్చటమో ఆయన చూస్తారు.

షుగరు అదుపు తప్పటం: రక్తంలో చక్కెర పెరిగితే మూత్రం పెరుగుతుంది. దాహమూ పెరుగుతుంది.

నీళ్ళు ఆపకండి

కుటుంబాలు చేసే పొరపాట్లలో పెద్దది ఇదే. తడుపుతోందని నీళ్ళు తగ్గిస్తారు. కొన్నిసార్లు పెద్దవాళ్ళే కోడలికి పని పెంచకూడదని గ్లాసు పక్కకు నెట్టేస్తారు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది. చిక్కటి మూత్రం సంచి పొరను ఒరిపిడి పెట్టి కండరాన్ని ఇంకా తొందరపెడుతుంది. మలబద్ధకం వస్తుంది. ఇన్ఫెక్షన్ వస్తుంది. మన ఎండాకాలంలో అయితే పెద్దవాళ్ళు సోలిపోతారు, అయోమయంగా మాట్లాడతారు.

గుండె జబ్బుకో, మూత్రపిండాల జబ్బుకో డాక్టరుగారు కొలత పెట్టి ఉంటే ఆ కొలతే పాటించండి. లేకపోతే రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల వరకు, వేసవిలో ఇంకాస్త ఎక్కువ ఇవ్వండి. మార్చవలసింది వేళను. ఎక్కువ భాగం ఉదయం నుంచి సాయంత్రంలోగా తాగించండి. పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గించండి. సాయంత్రం దాటాక టీ, కాఫీ వద్దు.

మూడు రోజుల చిట్టా

డాక్టరు దగ్గరకు వచ్చేముందు మూడు రోజులు ఒక నోటు పుస్తకంలో రాయండి. ఎన్ని గంటలకు ఏమి, ఎంత తాగారు. ఎన్ని గంటలకు మూత్రానికి వెళ్ళారు. కొలత గీతలున్న ప్లాస్టిక్ మగ్గులో పట్టి ఎంత వచ్చిందో రాయండి. ఎప్పుడు తడిసింది, అప్పుడు ఏమి చేస్తున్నారు, లేవాలని తెలిసిందా, తెలియకుండా జరిగిందా అనేవి కూడా రాయండి. అక్షరం రానివారు గీతలు గీసినా చాలు. "ఊరికే పోతోందండీ" అనే మాటకంటే ఈ మూడు పేజీలు డాక్టరుగారికి ఎంతో ఎక్కువ చెబుతాయి.

ఇంట్లో చేయగలిగినవి

ఒకటి, వేళ ప్రకారం తీసుకువెళ్ళటం. అడిగేదాకా ఆగకుండా పగటిపూట రెండు గంటలకొకసారి "అమ్మా, ఒకసారి వెళ్ళివద్దామా?" అని మీరే అడగండి. మతిమరుపు ఉన్నవారికి ఇది చాలా మేలు చేస్తుంది. తడవకపోతే "ఇవాళ బాగుందమ్మా" అని ఒక మాట అనండి.

రెండు, పరుగెత్తకుండా ఆగటం. తొందరపడే మూత్రాశయం ఉన్నవారు మూత్రం రాగానే పరుగు తీస్తారు. కండరం బాగా బిగిసి ఉన్న క్షణంలోనే పరుగెత్తుతారు కనుక దారిలో తడుస్తుంది, పడిపోతారు కూడా. ఆ క్షణంలో నిలబడిపోవాలి, లేదా కూర్చోవాలి. కటి కండరాలను నాలుగైదుసార్లు గబగబా బిగించి వదలాలి. ఆ ఉద్ధృతి అలలా వచ్చి తగ్గుతుంది. తగ్గాక నెమ్మదిగా నడవాలి. మనసు చురుకుగా ఉన్నవారు ఇలా వారం వారం పదిహేను నిమిషాల చొప్పున వ్యవధి పెంచుకోవచ్చు.

మూడు, కటి కండరాల వ్యాయామం. 1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ దీన్ని వైద్యలోకానికి వివరించారు. అపానవాయువు రాకుండా బిగపట్టినట్లు ఆ కండరాలను లోపలికి, పైకి లాగాలి. అయిదు సెకన్లు ఉంచి, అంతసేపు వదలాలి. వీలైనప్పుడు పది సెకన్ల వరకు పెంచాలి. పదిసార్లు ఒక విడత, రోజుకు మూడు విడతలు. పొట్ట, తొడలు బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి దీన్ని సాధన చేయకూడదు. ఫలితం కనబడటానికి మూడు నెలలు పడుతుంది. స్త్రీలకే కాదు, ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన పురుషులకూ ఇది ఉపయోగం.

నాలుగు, రెండుసార్లు పోయటం. పూర్తిగా ఖాళీ కానివారు ఒకసారి పోసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్ళీ ప్రయత్నించాలి. పురుషులు కూడా కూర్చొని పోస్తే ఎక్కువ ఖాళీ అవుతుంది, తల తిరిగి పడే భయమూ తగ్గుతుంది.

అయిదు, రాత్రి ఏర్పాటు. కాళ్ళు వాచేవారు మధ్యాహ్నం ఒక గంట కాళ్ళు దిండుమీద ఎత్తుగా పెట్టుకొని పడుకోవాలి. మంచం పక్కన చిన్న లైటు ఉంచండి. మరుగుదొడ్డి దూరమైతే మంచం పక్కనే కమోడ్ కుర్చీ, లేదా మూత్రం పట్టే సీసా పెట్టండి. దారిలో తడి, పట్టాలు, గుమ్మం దగ్గర చెప్పులు తీసివేయండి. రాత్రి మూత్రానికి లేచి జారిపడి తుంటి విరిగినవారు మన ఎముకల వార్డులో ఎప్పుడూ ఉంటారు. బొందు లాగుల బదులు ఎలాస్టిక్ ఉన్నవి వేయండి.

డైపర్లు వాడటం తప్పు కాదు. ప్రయాణానికి, రాత్రికి అవి మేలు. కాని డైపరు పెట్టి వైద్యం మానటం తప్పు. తడి అయిన వెంటనే మార్చి, చర్మం కడిగి ఆరనివ్వండి. లేకపోతే పుండ్లు పడతాయి.

మందులు, ట్యూబు

తొందరపడే కండరాన్ని శాంతపరచటానికి సోలిఫెనసిన్, టోల్టెరోడిన్, ఆక్సీబ్యుటినిన్ వంటి మందులు ఉన్నాయి. వీటివలన నోరు ఎండటం, మలబద్ధకం, వృద్ధులలో మతి తప్పటం కలగవచ్చు. నీటికాసుల వ్యాధి ఉంటే ముందే చెప్పాలి. 2012లో అమెరికాలో అనుమతి పొందిన మిరాబెగ్రాన్ వేరే దారిలో కండరాన్ని వదులు చేస్తుంది. దానితో మతి తప్పే భయం తక్కువ, కాని బి.పి. చూస్తుండాలి. ప్రోస్టేట్‌కు ఇచ్చే టామ్సులోసిన్ మూత్రం దారిని వదులు చేస్తుంది. అది వాడేవారు మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవకూడదు, కళ్ళు తిరుగుతాయి. మందులకు లొంగని ప్రోస్టేట్‌కు ఆపరేషన్ ఉంది. "ఈ వయసులో ఎందుకు" అని వాయిదా వేసేకొద్దీ మూత్రాశయ కండరం ఇంకా అలిసిపోతుంది. అడ్డు తొలగించినా బిగించే బలం మిగలకపోవచ్చు.

బొత్తిగా ఖాళీ కానివారికి ట్యూబు వేస్తారు. కొందరికి రోజుకు కొన్నిసార్లు సన్నని ట్యూబు పెట్టి ఖాళీ చేసి తీసివేసే పద్ధతి మేలు. చేతులు, ట్యూబు శుభ్రంగా ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చునని 1972లో అమెరికా వైద్యుడు జాక్ లాపిడెస్ చూపించారు. ఎప్పుడూ ఉంచే ట్యూబు అయితే సంచి ఎల్లప్పుడూ నడుముకంటే కిందుగా, నేలకు తగలకుండా ఉండాలి. మూడింట రెండు వంతులు నిండగానే ఖాళీ చేయండి. ట్యూబు మెలిపడకుండా, లాగుకోకుండా చూడండి. మార్చవలసిన తేదీ కాలెండరు మీద రాసి పెట్టుకోండి. పక్క తడుస్తోందన్న ఒక్క కారణంతో ట్యూబు వేయమని అడగకండి. ట్యూబు ఉన్నన్నాళ్ళూ ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది.

వెంటనే ఆసుపత్రికి రావలసినవి

మూత్రం పూర్తిగా ఆగి పొత్తికడుపు ఉబ్బితే, మూత్రంలో రక్తం కనబడితే వెంటనే రావాలి. రక్తానికి నొప్పి లేదని ఊరుకోకండి. నొప్పి లేని రక్తం కాన్సరుకు గుర్తు కావచ్చు. చలి జ్వరంతో మూత్రం మంట ఉన్నా, ఒక్కసారిగా అయోమయం వచ్చినా, నడుము నొప్పితో కాళ్ళు బలహీనపడి, మలమూత్ర ద్వారాల చుట్టూ తిమ్మిరెక్కి, మూత్రం ఆగినా, జారిపోతున్నా ఒక్క రోజు కూడా ఆగవద్దు.

చివరిగా ఒక మాట

మీలో కొందరు అడగవచ్చు, "ఇవన్నీ చేసినా తడుస్తూనే ఉంటే?" అని. కొందరికి పూర్తిగా తగ్గదు, నిజమే. మెదడు, నరాలు బాగా దెబ్బతిన్నవారిలో తడి కొంత మిగిలిపోతుంది. కాని రోజుకు అయిదుసార్లు తడిసేది రెండుసార్లకు తగ్గితే ఆ పెద్దామె పెళ్ళికి వెళ్ళగలదు, గుడికో ప్రార్థనకో మసీదుకో వెళ్ళగలరు, మనవరాలి పక్కన పడుకోగలదు. వృద్ధులు మంచం దిగటం మానేసి, నీళ్ళు మానేసి, నలుగురిలోకి రావటం మానేసి ఒక మూలకు చేరటమే ఈ జబ్బు చేసే అసలు కీడు. ఆ కీడును ఆపటం మన చేతిలో ఉంది.

దుప్పట్లు ఉతికే చేతులు కూడా అలిసిపోతాయి. ఆ పని ఇంట్లో ఒక్క కోడలిదో, ఒక్క కూతురిదో కాకూడదు. కొడుకులూ పంచుకోవాలి. విసుగు వచ్చిన రోజున మాట పెదవి దాటకముందే ఒక్క సంగతి గుర్తుచేసుకోండి. ఆ కండరం వారి మాట వినటం లేదు. మీ మాట మాత్రం వారు వింటారు.

ఈ సాయంత్రం వార్డుకు వెళ్ళాక మీ అమ్మగారి పక్కన కూర్చొని, ఎవరూ వినకుండా, మెల్లగా అడగండి: "అమ్మా, మూత్రానికి ఏమైనా ఇబ్బందిగా ఉంటోందా?" ఆమె ఎంతకాలంగా ఆ ప్రశ్న కోసం ఎదురుచూస్తోందో మీకే తెలుస్తుంది. రేపు రౌండ్సుకు వచ్చిన డాక్టరుగారికి ఆ మాట మొదటగా చెప్పండి. తలుపు దగ్గర కాదు.